పేజీ పైన మూడు అక్షరాలు

జనవరి 7, ఆదివారం

మా ఇంట్లో నా గురించి మూడు కథలు నడుస్తున్నాయి. మూడూ తప్పే.

అమ్మ కథ: బోస్టన్‌లో ఎవడో నా మనసు విరిచాడు, అందుకే పెట్టె సర్దుకుని బఫెలో వచ్చి పడ్డాను. నాన్న కథ: ఇన్సూరెన్స్ కంపెనీలో లెక్కలు వేసీ వేసీ నా బుర్ర వేడెక్కింది, చల్లబడగానే మళ్లీ వెళ్లిపోతాను. వదిన కథ అన్నిటికన్నా ఘనం: నాకు దేవుడి పిలుపు వచ్చింది. లేకపోతే ఇరవయ్యారేళ్ల పిల్ల ఏరికోరి సెయింట్ లుడ్మిలా ప్రిపరేటరీలో చేరి తొమ్మిదో క్లాసు ఆడపిల్లలకి జామెట్రీ ఎందుకు చెప్పుకుంటుంది?

ఈరోజు ముగ్గురు రాజుల పండగ. చర్చిలో పూజ నుంచి రాగానే నాన్న స్టూలెక్కి గుమ్మం మీద సుద్దముక్కతో కొత్త సంవత్సరం అంకెలు రాశాడు. భోజనాల దగ్గర వదిన మొదలుపెట్టింది. ఏ మఠంలో చేరినా చేరు కానీ బెర్నీ, గోధుమరంగు బట్టల వాళ్ల జోలికి మాత్రం పోకు, నీ రంగుకి నప్పదు అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అదే నాకు మండుతోంది, నేనూ నవ్వడం.

అసలు సంగతి ఏమిటంటే, బోస్టన్‌లో రెండేళ్లు రోజూ నా లెక్కలు సరిపోయేవి. కానీ ఎవరికైనా ఏదైనా అర్థమవడం నేను ఒక్కసారీ చూడలేదు. అర్థమయ్యే క్షణంలో మనిషి ముఖం ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూడాలని వచ్చాను. అంతే. ఎవరూ అడగలేదు. చెప్తే అది నాలుగో కథ అవుతుంది.

నవ్వనిది బూషా ఒక్కతే. నాన్నమ్మని మేం బూషా అంటాం, ఈ వీధిలో పోలిష్ ఇళ్లన్నిట్లో అంతే. తలొంచుకుని సూప్ తాగింది. ఆవిడకి సగం మాటలు వినపడవులే అంటుంది అమ్మ.


జనవరి 10, బుధవారం. ఉదయం 5:40

నాన్న టౌన్ తరఫున మంచు తోసే బండి నడుపుతాడు. బండిలోంచే ఫోన్ చేశాడు. డ్రైవింగ్ బ్యాన్ పెట్టేశారమ్మాయ్, మీ స్కూలు వాళ్లకి తెలివి ఉంటే పది నిమిషాల్లో చెప్తారు చూసుకో అన్నాడు. ఎనిమిది నిమిషాల్లో మెసేజ్ వచ్చింది. రిమోట్ డే.

నా చిన్నప్పుడు మంచు పడితే సెలవు. పాపం వీళ్లకి మంచు పడితే లాప్‌టాప్.


అదే రోజు. మధ్యాహ్నం 3:00

ఎనిమిదింటికి అందరం తెర మీద ప్రార్థన. ఎవరు దేనికోసం ప్రార్థిస్తున్నారో చాట్‌లో రాయాలి. అదే హాజరు కూడా. మా కుక్క కాలి కోసం అని ఒకమ్మాయి. కరెంటు పోకూడదని ఒకమ్మాయి, పోవాలని ఇద్దరు. కెమెరాలో స్కూలు చొక్కా కనపడాలని రూలు. చొక్కా కింద ఏముందో అడగకూడదని నా రూలు.

రిమోట్ రోజున రెండో పీరియడ్ మతబోధ ఉండదు. దాని బదులు ప్రార్థన జంటకి ఫోన్ చేయాలి. సెప్టెంబర్‌లో తొమ్మిదో క్లాసు పిల్లలు ఒక్కొక్కరూ బుట్టలోంచి ఒక చీటీ తీస్తారు. అందులో మా చర్చి పెద్దవాళ్లలో ఒకరి పేరు, నంబరు ఉంటాయి. ఏడాది పొడుగునా ఒకరి కోసం ఒకరు ప్రార్థించాలి. ఎవరికి ఎవరొచ్చారో మే నెలలో మరియమ్మకి కిరీటం పెట్టే రోజు దాకా బయటపెట్టకూడదు. చీటీలు మడిచేది చర్చి ఆఫీసులో పనిచేసే మా అమ్మే, కానీ ఎవరు ఏది తీశారో ఆవిడకీ తెలీదు. బూషా పేరు కూడా వేసింది. ముసలావిడకి పొద్దు పోతుందని.

9:20కి బూషా ఫోన్ మోగింది. వంటింటి పక్క గది తలుపు మూసుకుంది. లోపల గొణుగుడు. కాసేపు ఒక గొంతు, ఆగడం, మళ్లీ గొంతు. నేను భోజనాల బల్ల మీద లాప్‌టాప్ సర్దుకుంటుంటే అమ్మ మునివేళ్ల మీద వచ్చి నోటి మీద వేలు పెట్టింది. ష్, జపమాల అంది.

మూడో పీరియడ్ నాది. క్విజ్ పెట్టాను. కాగితం మీద రాసి ఫొటో తీసి పంపాలి. పదకొండు దాటినా బూషా తలుపు తెరుచుకోలేదు. జపమాలలో ఇరవై దేవరహస్యాలూ ఒక్కరోజే ముగించేస్తారేమో అని అమ్మ మురిసిపోయింది.


జనవరి 11, గురువారం

పేపర్లు దిద్దుతున్నాను. జోసెలిన్ ట్రాపాసోకి 94.

రెండుసార్లు దిద్దాను. 94.

ఈ పిల్లకి అక్టోబర్ నుంచి అరవై దాటలేదు. కిటికీ పక్కన కూర్చుంటుంది. కాగితం చిరిగేదాకా రబ్బరుతో తుడుస్తుంది. డిసెంబర్‌లో వాళ్లమ్మానాన్నల చేత సంతకం పెట్టించుకున్నారు: మూడో క్వార్టర్లో జామెట్రీ 75కి తగ్గితే స్కూలు వదలాలి.

నిన్నటి పేపర్లో నేను నేర్పిన రెండు వరుసల పట్టిక లేదు. ఎడమ పక్క వాక్యం, కుడి పక్క కారణం, అదేం లేదు. నిండు వాక్యాలు, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడుస్తున్నట్టు. ‘కాబట్టి’ అనాల్సిన చోటల్లా త్రిభుజంలా పేర్చిన మూడు చుక్కలు. పేజీ పైన మధ్యలో చిన్న శిలువ, దాని పక్కన మూడు అక్షరాలు. జె.ఎం.జె.

యేసు, మరియ, యోసేపు. పూర్వం సిస్టర్ల బళ్లలో ప్రతి కాగితం మీదా ముందు ఇది రాసి తర్వాతే పాఠం రాసేవాళ్లట. పద్నాలుగేళ్ల పిల్లలు ఇప్పుడు పేజీ పైన హృదయం బొమ్మలు వేస్తారు. ఈ పిల్లకి ఇదెవరు చెప్పారు?

అనుమానం రావాలి నాకు. రాలేదు. తెలుసుకోవాలనిపిస్తోంది.


జనవరి 12, శుక్రవారం

స్కూల్లో క్విజ్. జోసెలిన్ 58. పేజీ పైన ఏమీ లేదు.


జనవరి 18, గురువారం

వరసగా రెండు రిమోట్ రోజులు. నిన్న 91. మూడు అక్షరాలూ ఉన్నాయి.

ఈరోజు వింత జరిగింది. మైకు ఆన్ చేసి మూడో ప్రశ్నకి జవాబు చెప్పమన్నాను జోసెలిన్‌ని. నా మైకు ఆపేశాను. మొదలుపెట్టింది, తడబడుతూ. అంతలో వంటింట్లో మా గడియారం పదకొండు కొట్టింది. అది ఏడు నిమిషాలు ముందుంటుంది. పూజకి ఆలస్యం కాకూడదని తాతయ్య అలా పెట్టాడు, ఆయన పోయాక ఎవరూ ముట్టుకోలేదు. అంటే అసలు టైము 10:53. అప్పుడు లాప్‌టాప్‌లోంచి కూడా పదకొండు గంటలు వినపడ్డాయి. అర ఊపిరి ఆలస్యంగా. జోసెలిన్ చటుక్కున మైకు ఆపేసింది.

నా మైకు ఆఫ్‌లో ఉంది. అది నాకు బాగా గుర్తు.

ఈ ఊళ్లో ఏడు నిమిషాలు ముందుండే గడియారాలు ఎన్ని ఉంటాయి? లెక్క వేస్తూ కూర్చున్నాను. మా గడియారం వేలాడేది బూషా గది తలుపు పక్క గోడకి. ఆ తలుపు వైపు మాత్రం చూడలేదు.


జనవరి 24, బుధవారం

మిస్టర్ డ్వయర్ పిలిచాడు. అకడమిక్ డీన్. బల్ల మీద ఒకే కాగితం, దాని నిండా ఎర్ర సున్నాలు చుట్టిన మార్కులు. స్కూలు రోజులు: 58, 61, 57. రిమోట్ రోజులు: 94, 91, 93. మంచు పడితే తెలివి పెరుగుతుందా మిస్ షిమాన్స్కీ, పెరిగేట్టయితే చెప్పండి, నేనూ పొద్దున్నే వెళ్లి మా పెరట్లో పడుకుంటాను అన్నాడు.

పిల్లని అప్పటికే పిలిచి అడిగాడట. ఎవరు రాసిపెడుతున్నారు అంటే, ఎవరూ రాయట్లేదు, నేను ప్రార్థన జంటతో ఉన్నాను అందట. ఎవరా జంట అంటే, మే దాకా చెప్పకూడదు కదా సార్ అందట. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని అబద్ధమాడే పిల్లని ముప్ఫయ్యేళ్లలో ఇదే చూడటం అన్నాడు. చెప్పకూడదనే రూలు స్కూలు హ్యాండ్‌బుక్‌లో రాసింది ఈయనే.  

కాపీ కేసులు విచారించే ఆనర్ కౌన్సిల్‌కి పంపాలట. ఫారం మీద టీచరుగా నేను సంతకం పెట్టాలి. కాపీ అని తేలితే పిల్ల ఇంటికే. ఇంకొక్క రిమోట్ రోజు చూడనివ్వండి అన్నాను. తొందరేముంది, బఫెలోలో మంచుకేం కరువు అన్నాడు.

కారిడార్‌లో జోసెలిన్ కనపడింది. స్వెటర్ చేతులు వేళ్ల మీదికి లాక్కుని నిలబడింది. నేను కాపీ కొట్టలేదు మిస్ అంది. రెండడుగులు వెళ్లి వెనక్కి వచ్చింది. లోపల అనుకున్న మాటలు మీకు నిలబడతాయా మిస్ అని అడిగింది. నాకు నిలబడవు, పైకి అంటేనే నిలబడతాయి అంది.

ఆ మాటలు ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.


ఫిబ్రవరి 3, శనివారం

బూషా సరుకుల చీటీ ఇచ్చి మార్కెట్‌కి పంపింది. రై రొట్టె. కీల్బాసా సాసేజీ రెండు చుట్టలు. ఘాటు ముల్లంగి పచ్చడి ఒక సీసా, పోయినసారి దానిలాంటి చప్పనిది కాదు.

పచ్చడి కొట్టు దగ్గర చీటీ విప్పాను. పైన మధ్యలో చిన్న శిలువ. పక్కన జె.ఎం.జె.

కొట్టావిడ ఏ సైజు సీసా అని రెండుసార్లు అడిగింది. మూడోసారి, అమ్మాయ్ వాసనకే మత్తెక్కిందా అంది. వెనకాల వాళ్లు నవ్వారు.

పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను ఈ అక్షరాల్ని. నా పుట్టినరోజు కార్డుల మీద. ఫ్రిజ్ మీద అతికించిన చీటీల మీద. ఇరవయ్యారేళ్లు చూసి కూడా చూడలేదు. నన్నెవరూ సరిగ్గా చూడరని పోయిన నెల ఇక్కడే ఒక పేజీ నింపాను. ఛ.


ఫిబ్రవరి 4, ఆదివారం

అడగలేదు. అడిగితే తెలుస్తుంది. తెలిస్తే సంతకం పెట్టాలి.


ఫిబ్రవరి 13, మంగళవారం

రేపు విభూతి బుధవారం. ఈస్టర్ ముందు ఉపవాసాల తపస్కాలం మొదలయ్యే లోపు ఇంట్లో నూనె, పంచదార ఖాళీ చేయాలి కాబట్టి పొద్దున్నుంచీ పాంచ్కీలు, మా పోలిష్ తీపి బూరెలు, వేగుతూనే ఉన్నాయి. నేను మూడు తిన్నాను. నాలుగోది తీస్తుంటే బూషా తల ఎత్తకుండా అడిగింది, మీ ఏడో చాప్టర్ క్విజ్ ఎప్పుడు అని.

చెయ్యి ప్లేటు మీదే ఆగిపోయింది. మంచు పడితే శుక్రవారం అన్నాను.

బస్సు టైము చెప్పినట్టు తలాడించింది. ఏడో చాప్టరేమిటి, ఏ నొవేనా జపాల పుస్తకంలోది అంది అమ్మ. బూషా ఇంకో వాయి నూనెలో వేసింది.


ఫిబ్రవరి 16, శుక్రవారం. ఉదయం 9:50

రిమోట్ డే. రెండో పీరియడ్ నాకు ఖాళీ. బూషా తలుపు దగ్గర నిలబడ్డాను. ఇలా చాటుగా వినడం ఏ పాపం కిందికి వస్తుందో వదినని అడగాలి.

జపమాల కాదు.

బూషా అంటోంది: ఏబీ, డీఈ సమాంతర రేఖలు. ఆగింది. ఫోన్లోంచి చిన్న గొంతు: కాబట్టి ఏకాంతర కోణాలు సమానం. బూషా: ఒక కోణం అయింది. చిన్న గొంతు: రెండోది శీర్షాభిముఖ కోణం, అదీ సమానం. జపమాలలో పెద్దావిడ ముందు సగం చెప్తే మిగతావాళ్లు వెనక సగం అందుకుంటారే, అచ్చం ఆ లయ. ఆ ఊపు, ఆ విరుపు. ఇల్లంతా నెలల తరబడి మునివేళ్ల మీద నడిచింది దీనికోసం. ఎడమ వరుస ఒకరు, కుడి వరుస ఒకరు. నేను బోర్డు మీద గీసిన పట్టికే ఇది. నేను మాత్రం దాన్ని మౌనంగా నేర్పాను.

తర్వాత తిరగబడింది. ముందు సగం పిల్ల అందుకుంది, వెనక సగం బూషా. బూషా ఒక చోట ఆగిపోయింది. కాదు బూషా, పక్కపక్క భుజాలు కాదు, అనురూప భుజాలు, ఏది దేనికి జతో ముందు చూసుకో అంది ఫోన్లో గొంతు. ఆ చూస్కుంటున్నా చూస్కుంటున్నా, నన్ను తొందరపెట్టకు అంది బూషా. ఇద్దరూ నవ్వారు.

నా బూషాని ఇంకో పిల్ల బూషా అంటోంది. గుండెలో చిన్న ముల్లు గుచ్చుకుంది. రాయకపోతే అబద్ధం అవుతుంది కాబట్టి రాస్తున్నాను.

చివర్లో ఇద్దరూ కలిసి మరియమ్మకి ఒక మంగళవార్త జపం చెప్పారు.


అదే రోజు. సాయంత్రం 4:00

జోసెలిన్ 97.

బూషా బంగాళాదుంపల చెక్కు తీస్తోంది, తపస్కాలంలో శుక్రవారం కాబట్టి మాంసం లేదు. ఎదురుగా కూర్చుని నేనూ ఒక కత్తి తీసుకున్నాను. విన్నాను అన్నాను. నీ నీడ తలుపు కింద కనపడింది, అంత చలిలో చెప్పులైనా వేసుకోకుండా నిలబడ్డావేం అంది.

చెప్పింది. 1957 ఫిబ్రవరిలో తను ఇదే స్కూల్లో పదో క్లాసు. సిస్టర్ యులేలియా జామెట్రీ. ఆరో చాప్టర్ అయిపోయింది. ఆ వారమే వాళ్లమ్మకి కవలలు పుట్టారు, ఇంట్లో పెద్దపిల్ల తనే. సోమవారం నుంచి బడి లేదు. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు ఏడో చాప్టర్ మొదటి పేజీ ఒకసారి తెరిచి చూసిందట. రెండు త్రిభుజాలు, ఒకటి పెద్దది ఒకటి చిన్నది, ఒకే ముఖం. అక్కాచెల్లెళ్లలా ఉన్నాయనుకున్నాను, అంతే, మూసి ఇచ్చేశాను అంది. అరవయ్యేడేళ్లు ఆ బొమ్మ గుర్తుందట. నాన్నకి కూడా తెలీదు. ఎందుకు చెప్పలేదు అంటే, ఎవరైనా అడిగితేగా అంది.

అక్టోబర్‌లో ఒకరోజు ఆ పిల్ల ప్రార్థన కోసం ఫోన్ చేసి ఏడ్చిందట, రేపు క్విజ్ అని. దేవుడి సంగతి తర్వాత, ముందు లెక్క చదివి వినిపించు అందట బూషా.

అడగాల్సింది అడిగాను. క్విజ్ టైములో ఫోన్ పెట్టే ఉందా? ఉంది. ముందు సగం నువ్వు చెప్పావా? మొదట్లో చెప్పాను అంది, కత్తి ఆపకుండా. ఏడో చాప్టర్ నాకు రాదు పిల్లా, అది తనే నాకు నేర్పింది, ఈరోజు నేను ఊ కొట్టడం తప్ప ఏం చేయలేదు అంది.

అది కాపీ అవుతుందా బూషా అన్నాను. టీచరువి నువ్వు, తేల్చు అంది. ఒక దుంప చెక్కడం అయ్యాక అడిగింది, ఇంతకీ బోస్టన్ నుంచి ఎందుకొచ్చేశావు నువ్వు అని.

అడిగిన మొదటి మనిషి. చెప్పాను. మొత్తం చెప్పాను.

బూషా నాలుగో కథ అల్లలేదు. అలాగైతే ఆ తలుపు ముందే తీయాల్సింది అంది.


ఫిబ్రవరి 25, ఆదివారం

తొమ్మిది రోజులు. ఎవరికీ చెప్పలేదు.

రూలు తప్పారు. నిజం. పిల్లకి వచ్చు. అదీ నిజం. బుధవారం స్కూలయ్యాక జోసెలిన్‌ని ఖాళీ క్లాసులో కూర్చోబెట్టాను. ముందు సగం నేను చెప్పాను, వెనక సగం తను. పదింటిలో తొమ్మిది. తర్వాత ముందు సగం తను అందుకుంది. మధ్యలో నేను కావాలని ఒక కారణం తప్పు చెప్పాను. మిస్, అది మనకింకా తెలీదు కదా అంది. అదే లెక్క నోరు మూసుకుని రాయమంటే కాగితం చిరిగేదాకా తుడిచింది.

నీ జంట ఎవరో నాకు తెలుసు అన్నాను. అయితే మీరూ మే దాకా చెప్పకూడదు మిస్ అంది.


మార్చి 4, సోమవారం

ఫారం మీద నేను సంతకం పెట్టలేదు. డ్వయర్ తనే పెట్టుకున్నాడు. బుధవారం కౌన్సిల్.


మార్చి 6, బుధవారం

బల్లకి అటు ముగ్గురు: డ్వయర్, కౌన్సిలర్, స్కూలు ప్రెసిడెంట్ సిస్టర్ ఆల్ఫోన్స్. ఇటు జోసెలిన్, వాళ్లమ్మ, నేను.

నేనే ముందు చెప్పాను. సాయం చేసింది మా నాన్నమ్మ. మా ఇంట్లో, నా క్లాసు జరుగుతుండగా, నాకు నాలుగడుగుల దూరంలో. పంతొమ్మిది రోజులుగా నాకు తెలుసు, చెప్పలేదు. ఇవే మాటలు. జోసెలిన్ నా వైపు చూసిన చూపులో ఒకటే కోపం, మే నెల రాకుండానే చెప్పేశానని.

డ్వయర్ కళ్లజోడు తీసి తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు.

సిస్టర్ ఆల్ఫోన్స్‌కి మాత్రం వేరే సందేహం. ఎలా చేస్తారు, చూపించు పిల్లా అంది. ముందు సగం ఎవరో ఒకరు చెప్పాలి సిస్టర్ అంది జోసెలిన్. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముగ్గురికీ కలిపి ఒక్క త్రిభుజం గుర్తులేదు. నన్ను చెప్పనివ్వరు, నేను ఒక పక్షం కదా. చివరికి సిస్టరే పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టింది. పిల్ల అందుకుంది. నాలుగు లైన్లు దాటేసరికి ఇద్దరికీ లయ కుదిరింది. సిస్టర్ ఒక లైను వదిలేసి కిందిది చదివేసింది. అది ఇంకా నిరూపించలేదు మనం, పైకి రండి సిస్టర్ అంది పిల్ల. సిస్టర్ ఆల్ఫోన్స్ బుద్ధిగా పైకి వచ్చింది.

చాలా బాగుంది, కానీ హ్యాండ్‌బుక్ అన్నాడు డ్వయర్.

తీర్పు: మోసం చేయాలన్న ఉద్దేశం లేదు కాబట్టి పంపించరు. అనుమతి లేని సాయం కాబట్టి రిమోట్ రోజుల మార్కులన్నీ సున్నా. డిసెంబర్ షరతు మాత్రం అలాగే ఉంటుంది. మూడో క్వార్టర్ 75. అన్ని సున్నాలతో 75 ఎలా వస్తుంది? గెంటలేదు, గుమ్మం బయట నిలబెట్టి తలుపు వేసుకున్నారు, అంతే తేడా.

వెళ్తూ వెళ్తూ సిస్టర్ నా దగ్గర ఆగింది. మార్కుల పుస్తకం టీచరుది అంది. అంతే. డ్వయర్ కూడా ఆగాడు. మార్కులకి ఇరవై రెండో తేదీ మధ్యాహ్నం పన్నెండు ఆఖరు, వచ్చే ఏడాది కాంట్రాక్టు ఉత్తరాలు కూడా ఆ రోజే అన్నాడు, రేపు ఎండ కాస్తుందేమో అన్నంత మామూలుగా.

ఇంటికొచ్చి చెప్తే అమ్మ కుర్చీలో కూలబడింది. బాధ పిల్ల గురించి కాదు. అయితే మీ అన్నయ్య మోకాలి కోసం చెప్పిన జపమాలలన్నీ లెక్కలేనా అంది. ప్రతి లెక్క చివరా ఒక మంగళవార్త చెప్పాం, మోకాలు బాగైందిగా, ఇంకేం కావాలి నీకు అంది బూషా.


మార్చి 11, సోమవారం

ఏడో చాప్టర్ పరీక్ష నోటితో పెడుతున్నానని క్లాసులో చెప్పాను. జోసెలిన్ ఒక్కదానికే కాదు, ఇరవై ఇద్దరికీ. జంటలుగా. ఒకరు ముందు సగం, ఒకరు వెనక సగం, తర్వాత మార్పిడి. మూలుగులు.

హ్యాండ్‌బుక్ మూడుసార్లు చదివాను. వద్దని ఎక్కడా లేదు. లేదంటే వద్దన్నట్టే మిస్ షిమాన్స్కీ అన్నాడు డ్వయర్. చూపించండి అన్నాను.


మార్చి 19, మంగళవారం

నిన్న పదకొండు మంది, ఈరోజు పదకొండు మంది.

కాగితం మీద ఎప్పుడూ 99 తెచ్చుకునే అడిలేడ్ కీఫ్‌ని జోసెలిన్‌కి జంటగా వేశాను. అడిలేడ్ రెండో లైనులోనే మూగబోయింది. రాయమంటే కళ్లు మూసుకుని రాస్తుంది, ఎందుకు అంటే మాట లేదు. చెవులు ఎర్రబడ్డాయి. జోసెలిన్ గొంతు తగ్గించింది. ఆ లైనే మళ్లీ చెప్పింది, ఇంకా నెమ్మదిగా, చివర కాస్త సాగదీసి, ఎదుటి మనిషి అందుకోవడానికి చోటు వదిలి. బూషా లాగే. అచ్చం.

అడిలేడ్ అందుకుంది. అప్పుడు ఆ పిల్ల ముఖంలో జరిగింది. ముందు కనుబొమలు విడిపోయాయి. పెదాలు కొంచెం తెరుచుకున్నాయి, మాట కోసం కాదు. తర్వాత కళ్లు నా మీదికి కాదు, జోసెలిన్ మీదికి వెళ్లాయి.

ఇదా. ఇలా ఉంటుందా.

ఏడో నెల ఇది నాకు ఇక్కడ. ఇదే మొదటిసారి చూడటం. చూపించింది నేను కాదు.

మార్కులు వేశాను. రిమోట్ సున్నాలన్నీ ఉంచే లెక్క కట్టాను. నోటి పరీక్ష చాప్టర్ పరీక్ష కాబట్టి క్వార్టర్ మార్కుల్లో ముప్పావు వంతు దానిదే. మూడుసార్లు కట్టాను. జోసెలిన్‌కి 81.


మార్చి 21, గురువారం

ఆ పరీక్ష తీసేసి మళ్లీ లెక్క కట్టమన్నాడు డ్వయర్. తీసేస్తే ఎంత వస్తుందో ఇద్దరికీ తెలుసు. ఒక్క పిల్ల కోసం క్లాసంతటినీ పాడించారు అన్నాడు. క్లాసంతటికీ దానివల్ల ఏం జరిగిందో వచ్చి చూడాల్సింది అన్నాను. నా పేరున్న కాంట్రాక్టు కవరు ఆయన బల్ల మీదే ఉంది. అంటించలేదు ఇంకా. అది నాకు కనపడేట్టు జరిపాడు.

నాన్నకి చెప్పాను. మంచిదే అయింది అమ్మాయ్, వేసవికల్లా బోస్టన్ అన్నాడు. అమ్మ, అతను ఫోన్ చేస్తున్నాడా అని అడిగింది. ఎవరమ్మా అతను?

బూషా తన గది తలుపు తెరిచే ఉంచింది. ఎనిమిదో చాప్టర్‌లో ఏముంది అని అడిగింది.


మార్చి 22, శుక్రవారం. 11:55

జె.ఎం.జె.

మా వంటింట్లో ఇప్పటికే పన్నెండు కొట్టేసి ఉంటుంది.

జోసెలిన్ ట్రాపాసో. జామెట్రీ. మూడో క్వార్టర్. 81.

పంపేశాను. మార్చను.